1930 ఫోర్డ్ మోడల్ ఏ తో సంప్రదాయ హాట్ రాడ్: కాగితాల దగ్గర్నుంచి మొదటి వంద మైళ్ళ దాకా

హాట్ రాడ్ అంటే వేగం కోసం మార్చి కట్టుకున్న పాత కారు. కారు కొనకముందే ఒక సంవత్సరం ఎంచుకోండి. నాది 1950. అంటే నా కారు మీద కనిపించే ప్రతి వస్తువూ 1950లో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉండే పాతికేళ్ళ కుర్రాడికి పాత కార్ల యార్డులోనో స్పీడ్ షాపులోనో దొరికేదై ఉండాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే ఏ చక్రాలు, ఏ టైర్లు, ఏ స్టీరింగ్, ఏ రంగు అనే ప్రశ్నలన్నిటికీ జవాబు దానంతటదే వస్తుంది. నియమం లేకుండా మొదలుపెట్టిన కార్లు చాలా చూశాను. ముందు భాగం 1940ల నాటిది, సీట్లు 1990ల నాటివి, చక్రాలు నిన్నగాక మొన్న వచ్చినవి. విడివిడిగా చూస్తే ఒక్కోటీ బాగానే ఉంటుంది కానీ కలిపి చూస్తే అతుకుల బొంతలా ఉంటుంది.

ఈ కార్లు దక్షిణ కాలిఫోర్నియాలో, మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పుట్టాయి. 1930ల్లో అక్కడి కుర్రాళ్ళు పాత ఫోర్డులకి మడ్‌గార్డులు, బంపర్లు ఊడదీసి బరువు తగ్గించి, ఆ చదునైన నేల మీద ఎంత వేగం వస్తుందో చూసుకునేవాళ్ళు. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది, యుద్ధం తర్వాత పందేలు ఎల్ మిరాజ్‌కి మారాయి, 1949లో బోన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ మొదలైంది. 1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగలిగే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ తేవడం వల్ల, కొన్నేళ్ళు తిరిగేసరికి యార్డుల నిండా చవకగా వీ8లు దొరికాయి. మోడల్ ఏ బాడీ తేలిక, వీ8 బలం ఎక్కువ, రెండూ కలిస్తే ఇక్కడివాళ్ళు ఏ-వీ8 అని పిలిచే కారు. ఈ గైడ్ దాని గురించే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ లేత్ షాపులో పెరిగాను, పదహారేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఈ కారు మా ఇంటి గ్యారేజీలో, శని ఆదివారాలు మాత్రమే పని చేస్తే, నాలుగేళ్ళు పట్టింది. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు, కాబట్టి నేను చెప్పే పద్ధతి అమెరికాలో ఉన్నవాళ్ళు రోడ్డు మీదకి తీసుకెళ్ళడానికి పనికొస్తుంది.

కారు, కాగితాలు

మోడల్ ఏ 1928 నుంచి 1931 దాకా దాదాపు 48 లక్షలు తయారైంది, అందుకే ఇప్పటికీ దొరుకుతుంది. ఎవరో అందంగా పాతరూపానికి తెచ్చి కాపాడుకున్న కారుని కొని కొయ్యకండి, నా మనసు ఒప్పదు. ఇంజిన్ లేనిది, మడ్‌గార్డులు తుప్పు తినేసినది, ఎవరో సగంలో వదిలేసినది వెతకండి. బయటి రేకు కంటే కింది భాగం చూడాలి. తలుపు కింద ఉండే సబ్‌రైళ్ళు, తలుపు స్తంభాల అడుగులు, వెనక డిక్కీ నేల, ఇవి కుళ్ళితే పని మూడింతలవుతుంది. కూపేల్లో (రెండు తలుపుల కార్లలో) పైకప్పు చుట్టూ లోపల చెక్క ఉంటుంది, ఆ చెక్క పోయి ఉంటుందని ముందే లెక్కేసుకోండి.

డబ్బు చేతికిచ్చే ముందు టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద నంబరు, ఛాసిస్ మీద నంబరు ఒకటేనా చూడండి. మోడల్ ఏ కి ఆ నంబరు డ్రైవరు వైపు ఛాసిస్ రైలు (పొడవాటి పక్క దూలం) పై ముఖం మీద, డ్యాష్ కిందకి వచ్చే చోట కొట్టి ఉంటుంది, బాడీ దాన్ని కప్పేస్తుంది. అమ్మేవాణ్ణి బాడీ బోల్టులు వదులు చేసి కాస్త ఎత్తమని అడగండి. మొహమాటపడితే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్ళకి పొగ పరీక్ష లేదు, ఆ ఒక్క టెన్షన్ తప్పుతుంది.

ఏదీ వెల్డ్ చేయకముందు మొత్తం నిలబెట్టి చూడండి

మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. హాట్ రాడ్ అందమంతా అది నేల మీద నిలబడే తీరులో ఉంటుంది. ముందు కిందకి, వెనక కాస్త పైకి, ముందు టైరు సన్నగా, వెనక టైరు ఎత్తుగా. ఈ తీరు కుదరకపోతే లక్షల రూపాయల రంగు వేసినా ఏదో తేడాగానే కనిపిస్తుంది.

ఖాళీ ఛాసిస్‌ని గ్యారేజీ నేల మీద చెక్క దిమ్మెల మీద పెట్టండి. 1940 ఫోర్డ్ 16 అంగుళాల స్టీలు చక్రాలు, వాటికి ముందు 5.50-16, వెనక 7.50-16 బయాస్ ప్లై టైర్లు పెట్టి, యాక్సిళ్ళు ఎక్కడ కూర్చోవాలో అక్కడ చక్రాలు నిలబెట్టండి. బాడీ దించండి, 1932 గ్రిల్ షెల్ (రేడియేటరు చుట్టూ ఉండే ముందు తొడుగు) ముందు పెట్టి తాడుతో కట్టండి, ఖాళీ ఇంజిన్ బ్లాకు ఉంటే అదీ లోపల పెట్టండి. ఇప్పుడు దూరంగా వెళ్ళి వీధికి అవతల నిలబడి చూడండి. ఫోటో తీయండి, ఫోటోలో తప్పులు కంటికన్నా బాగా తెలుస్తాయి. ముందు దిమ్మెల్లోంచి అర అంగుళం చెక్క తీసేయండి, మళ్ళీ చూడండి. నేను మూడు వారాలు ఇదే చేశాను. చివరికి తేలిందేమిటంటే గ్రిల్ షెల్ ముప్పావు అంగుళం దిగితే చాలు, బానెట్ గీత, తలుపు గీత ఒకే వరసలో పడి కారు ఒక్కసారిగా కలిసిపోయింది.

ఇందులో అందరూ పొరబడే చోటు ఒకటుంది. కమాన్ పట్టీల మీద కారు పూర్తి బరువు లేనప్పుడు ఛాసిస్ పైకి లేచి నిలబడుతుంది. ఆ ఎత్తు చూసి పట్టీలు తీసేస్తే, ఇంజిన్, సీట్లు, మనుషులు ఎక్కాక యాక్సిల్ ఛాసిస్‌కి కొట్టుకుంటుంది. అందుకని బరువు పెట్టి చూడాలి. నేను ఇండియన్ స్టోరులో 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు తెచ్చి సీటు దగ్గర, ట్యాంకు దగ్గర పేర్చి చూసుకున్నాను. యాక్సిల్‌కి, ఛాసిస్‌కి మధ్య కనీసం రెండున్నర మూడు అంగుళాలు ఖాళీ ఉండాలి.

ఛాసిస్

మోడల్ ఏ ఛాసిస్ రైళ్ళు పల్చటి సీ ఆకారపు రేకు, 40 హార్స్‌పవర్ ఇంజిన్ కోసం చేసినవి. వీ8 పెట్టాలంటే ఆ సీ ని లోపలి వైపు నుంచి ప్లేటుతో మూసి పెట్టెలా చేయాలి. దీన్నే బాక్సింగ్ అంటారు, నేను ఎనిమిదో వంతు అంగుళం ప్లేటు వాడాను. ముందుగా ఛాసిస్‌ని బరువైన ఇనుప టేబులుకి క్లాంపులతో బిగించండి. మూల నుంచి మూలకి రెండు వైపులా టేపు పెట్టి కొలవండి, తేడా ఎనిమిదో వంతు అంగుళం మించకూడదు. వెల్డింగ్ ఒక్క దగ్గర గీతలాగా లాగొద్దు. ఇక్కడ అంగుళం, అవతలి రైలు మీద అంగుళం, చల్లారాక ఇంకో అంగుళం. ఓపిక లేక వరసగా వేసేస్తే ఛాసిస్ అరటి పండులా వంగుతుంది, దాన్ని సరిచేయడం కంటే కొత్తది కొనడం నయం. మధ్యలో గేర్‌బాక్సు కోసం ఒక అడ్డ దూలం (క్రాస్ మెంబర్) కూడా కావాలి. అది తీయడానికి వీలుగా బోల్టులతో ఉండాలి, లేకపోతే క్లచ్ ప్లేటు మార్చాలన్నప్పుడల్లా ఇంజిన్ దించాల్సి వస్తుంది.

ముందు యాక్సిల్, స్టీరింగ్

కారు ముందు భాగం కిందకి రావాలంటే డ్రాప్డ్ యాక్సిల్, అంటే మధ్య భాగం కిందకి వంచినది, కావాలి. నాలుగు అంగుళాల డ్రాప్ ఉన్నది సరిపోతుంది. అడ్డంగా ఉండే కమాన్ మెయిన్ పట్టీ చెవులు తిప్పించుకుంటే ఇంకో అంగుళం దాకా వస్తుంది. బరువు పడ్డాక షాకిళ్ళు (కమాన్ కొనల్ని యాక్సిల్‌కి కలిపే లింకులు) దాదాపు 45 డిగ్రీల వంపులో ఉండాలి, నిటారుగా నిలబడితే కారు పక్కలకి ఊగుతుంది.

ముందు యాక్సిల్‌ని వెనక్కి పట్టి ఉంచే విష్‌బోన్ మోడల్ ఏ లో ఇంజిన్ కింద మధ్యలో ఒకే చోట కలుస్తుంది. వీ8 కి, గేర్‌బాక్సుకి అది అడ్డం, కాబట్టి దాన్ని చీల్చి రెండు కొనలనీ రెండు రైళ్ళకి, టై రాడ్ ఎండ్లతో కలుపుతారు. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) వెనక్కి వాలే కోణం 5 నుంచి 7 డిగ్రీలు ఉండేలా సెట్ చేసి అప్పుడే ఆ బ్రాకెట్లు వెల్డ్ చేయండి. అది తక్కువైతే 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది. టో ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండే తేడా) పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు అంగుళం.

స్టీరింగ్ బాక్సు నేను 1948-52 ఎఫ్-1 ట్రక్కుది వాడాను. పాతది అరిగిపోయి ఆట ఎక్కువుంటుంది. డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ), విష్‌బోన్ పక్క నుంచి చూస్తే సమాంతరంగా ఉండాలి, లేకపోతే గుంతలో పడ్డ ప్రతిసారీ కారు తనంతట తనే పక్కకి తిరుగుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

బ్రేకులు

మోడల్ ఏ బ్రేకులు రాడ్లతో పనిచేస్తాయి, హైడ్రాలిక్ కాదు. వాటితో వీ8 నడపొద్దు. ఫోర్డ్ 1939లో హైడ్రాలిక్ బ్రేకులకి మారింది, 1939-48 డ్రమ్ములు, ప్లేట్లు మన 1950 నియమానికి సరిగ్గా సరిపోతాయి. పాత డ్రమ్ములు కొలిపించండి, పరిమితి దాటి చెక్కేసినవి ఉంటాయి. కొత్త షూలు తెచ్చి నేరుగా బిగించకండి, షూ వంపు, డ్రమ్ము వంపు ఒకటి కాకపోతే షూ మధ్యలోనో కొనలోనో మాత్రమే ఆనుతుంది, పెడల్ గట్టిగా ఉన్నా బండి ఆగదు. షూ మీద సుద్ద రాసి డ్రమ్ములో తిప్పితే ఎక్కడ ఆనుతోందో కనిపిస్తుంది. సెట్టింగ్ చేసేటప్పుడు కింది యాంకర్ పిన్నులు ముందు, పై క్యాములు తర్వాత.

మాస్టర్ సిలిండర్ విషయంలో నేను నా నియమాన్ని పక్కన పెట్టాను. అప్పటిది ఒకే గది ఉండేది, ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. నేను రెండు గదులది పెట్టి ఫ్లోరు కింద కనపడకుండా దాచాను. ఇద్దరు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పే బండి, ఇందులో రాజీ లేదు. మాస్టర్ సిలిండర్ చక్రాల సిలిండర్ల కంటే కిందుంటుంది కాబట్టి డ్రమ్ముల లైనులో 10 పౌండ్ల రెసిడ్యువల్ వాల్వు పెట్టాలి, లేకపోతే ఆయిలు వెనక్కి జారి మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. లైన్లకి మామూలు రాగి గొట్టం వాడొద్దు, స్టీలు గానీ రాగి-నికెల్ గొట్టం గానీ తెచ్చి కొనలు డబుల్ ఫ్లేర్ చేయండి, అంటే అంచుని రెండు మడతలుగా విప్పండి.

వెనక యాక్సిల్

1940 బాంజో హౌసింగ్ (వెనక యాక్సిల్ పెట్టె), 3.78 క్రౌన్ పినియన్ రోడ్డుకి బాగుంటుంది. అందులో కమాన్ యాక్సిల్‌కి వెనక ఉంటుంది, మోడల్ ఏ లో యాక్సిల్ మీదే ఉంటుంది, కాబట్టి హ్యాంగర్లు మార్చకుండా బిగిస్తే చక్రం బాడీ వంపు మధ్యలో కూర్చోదు. 1940 కారు వీల్‌బేస్ 112 అంగుళాలు, మనది 103.5, టార్క్ ట్యూబు (ప్రొపెల్లర్ షాఫ్టుని కప్పే గొట్టం), లోపలి షాఫ్టు రెండూ పొట్టి చేయించాలి. టార్క్ ట్యూబు ఉంచేయండి అనే చెబుతాను. అది తీసేసి మామూలు ప్రొపెల్లర్ షాఫ్టు పెడితే యాక్సిల్ మెలి తిరగకుండా ఆపడానికి వేరే ఏర్పాటు చేయాల్సి వస్తుంది, అది మర్చిపోయిన బండ్లు మొదటి గేరులోనే విరిగాయి.

ఇంజిన్

నేను 1949 నుంచి వచ్చిన 8బీఏ ఫ్లాట్‌హెడ్ ఫోర్డ్ వీ8 తీసుకున్నాను, 239 ఘనపు అంగుళాలు, 100 హార్స్‌పవర్. దీనికి 1939 మోడల్ మూడు గేర్ల బాక్సు తగిలించాలంటే అదే తరం ట్రక్కు ఇంజిన్ బెల్ హౌసింగ్ కావాలి, కారుది పనికిరాదు.

ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, పొగ బయటికి వెళ్ళే దారులు కూడా బ్లాకు లోపల నుంచే, నీళ్ళ జాకెట్టు మధ్య నుంచి పోతాయి. ఆ వేడంతా నీళ్ళకి పడుతుంది. ఈ ఇంజిన్లు ఊరికే వేడెక్కుతాయన్న పేరు అందుకే వచ్చింది. వాల్వు సీటుకీ సిలిండరుకీ మధ్య పగుళ్ళు రావడం కూడా చాలా మామూలు. నా మొదటి బ్లాకు అమ్మినతను పరీక్ష చేయించానని చెప్పాడు, నేను కాగితం అడగలేదు. బోరింగ్ అయిపోయి, పిస్టన్లు కొన్నాక, నీళ్ళ పీడనం పెట్టి చూస్తే నాలుగో సిలిండరులో చెమట పట్టినట్టు తడి. డబ్బు, ఎనిమిది నెలలు పోయాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: బ్లాకు కెమికల్ ట్యాంకులో కడిగించడం, తర్వాత అయస్కాంత పొడితో పగుళ్ళ పరీక్ష, తర్వాత ప్రెషర్ టెస్టు, ఆ మూడూ దాటాకే బోరింగ్‌కి ఇవ్వడం. స్టడ్ రంధ్రం నుంచి నీళ్ళ రంధ్రానికి ఉండే చిన్న పగులు భయపడాల్సింది కాదు, సిలిండరులోకి వెళ్ళేది మాత్రం వదిలేయాల్సిందే.

రెండో బ్లాకు బాగుంది, ఇంజిన్ బోరుకొచ్చి ఉంది తప్ప పగుళ్ళు లేవు. దాని నీళ్ళ రంధ్రాల్లోంచి వంచిన ఇనుప తీగ దూర్చి గోకితే నల్లటి పొడి రాలడం మొదలైంది. తుప్పు మాత్రమే కాదు, ఫ్యాక్టరీలో పోత పోసినప్పటి ఇసుక. డెబ్భై ఏళ్ళుగా లోపలే ఉంది, వెనక సిలిండర్ల చుట్టూ గట్టిపడి నీళ్ళు తిరగకుండా అడ్డుపడుతోంది. రెండు సాయంత్రాలు కూర్చుని, గోకడం, గాలి కొట్టడం, బ్లాకు తిరగేసి రబ్బరు సుత్తితో తట్టడం, మళ్ళీ గోకడం. పెద్ద పెరుగు డబ్బాకి సగం ఇసుక వచ్చింది. పని అయ్యాక బ్లాకు మీద పానాతో తడితే ముందు మొద్దుగా వినిపించినది గంటలా మోగింది. నా కారు ఆగస్టు ఎండలో ట్రాఫిక్‌లో నిలబడినా మరగకపోవడానికి రేడియేటరు కంటే ఈ రెండు సాయంత్రాలే కారణమని నా నమ్మకం.

బోరు 3 5/16 అంగుళాలు, మెర్క్యురీ క్రాంకు 4 అంగుళాల స్ట్రోకు, కలిపి 276 ఘనపు అంగుళాలు వస్తుంది. అప్పటి కుర్రాళ్ళకి ఇష్టమైన కొలత ఇది. బోరు చేసే ముందు గోడ మందం కొలిపించండి. పైన అల్యూమినియం హెడ్లు, రెండు కార్బొరేటర్ల మ్యానిఫోల్డు. విక్ ఎడెల్‌బ్రాక్ లాంటివాళ్ళు 1930ల చివర్లోనే ఇలాంటి మ్యానిఫోల్డులు చేసి అమ్మారు, కాబట్టి మన నియమానికి ఇబ్బంది లేదు.

కార్బొరేటర్లు స్ట్రామ్‌బర్గ్ 97. పేరులో ఉన్న 97 దాని గొంతు కొలత, 0.97 అంగుళం. వీటికి పెట్రోలు పీడనం రెండున్నర పౌండ్లు దాటకూడదు, దాటితే ఫ్లోటు ఆపలేక పెట్రోలు పొంగి మ్యానిఫోల్డు మీద కారుతుంది, వేడి ఇంజిన్ మీద అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. రెండూ ఒకే మోతాదులో గాలి పీల్చేలా చేయడానికి చెవి చాలు. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, రెండో కొన కార్బొరేటరు నోటి దగ్గర పెట్టి స్స్ శబ్దం వినండి, రెండింట్లోనూ ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పండి.

ఇక్కడ చాలామందికి ఒక సంగతి తెలియక నెలలు పోతాయి. 8బీఏ తో వచ్చే డిస్ట్రిబ్యూటరులో టైమింగ్ ముందుకి జరిపే బరువులు ఉండవు, అది పూర్తిగా ఒరిజినల్ కార్బొరేటరు ఇచ్చే వాక్యూమ్ మీద ఆధారపడుతుంది. స్ట్రామ్‌బర్గ్‌లు పెట్టగానే ఆ సంకేతం పోతుంది, ఇంజిన్ స్టార్టవుతుంది కానీ లాగదు, వేడెక్కుతుంది. మెకానికల్ అడ్వాన్స్ ఉన్న డిస్ట్రిబ్యూటరు వేయండి.

బాడీ, చాపింగ్

పైకప్పు దించడం తప్పనిసరేం కాదు. నేను మూడు అంగుళాలు దించాను. మోడల్ ఏ కూపే స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి, అద్దాలు చదునుగా ఉంటాయి, అందుకే మొదటిసారి చేసేవాళ్ళకి ఈ కారు అనుకూలం. బాడీని ఛాసిస్‌కి బిగించి, తలుపులు వేసి గ్యాపులు సరిచేసుకుని, లోపల అడ్డంగా, ఏటవాలుగా గొట్టాలు వెల్డ్ చేసిన తర్వాతే రంపం పట్టండి. కోత గీతల్ని అన్ని స్తంభాల మీదా ఒకే ఎత్తులో పెట్టకుండా కాస్త మెట్లుగా పెడితే అతుకు బలంగా ఉంటుంది. టాక్ వెల్డింగులతో నిలబెట్టి ఒక వారం అలాగే వదిలేయండి, రోజూ వెళ్ళి చూడండి. తొందరేం లేదు.

వైరింగ్, రంగు

ఫోర్డ్ 1955 దాకా 6 వోల్టులు, పాజిటివ్ గ్రౌండ్. నేను 12 వోల్టులకి మార్చి, పైన బట్ట చుట్టిన వైరు వాడాను, ఫ్యూజ్ బాక్సు సీటు కింద ఉంది. వెనక 1939 ఫోర్డ్ కన్నీటి బొట్టు ఆకారం లైట్లు.

రంగు నలుపు, మామూలు ఎనామెల్. ఇక్కడ చాలామంది ఉత్త ప్రైమర్‌తో తిప్పుతారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ ప్రైమర్ తేమ పీల్చుకుంటుంది, ఆరు నెలల్లో కింద తుప్పు మొదలవుతుంది. లప్పం పల్చగా ఉండాలి, సొట్టని సుత్తి, డాలీతో వీలైనంత లేపాకే.

పార్టుల కోసం పొమోనా స్వాప్ మీట్‌కి (పాత పార్టుల సంతకి) తెల్లవారకముందే టార్చిలైటుతో వెళ్ళండి. మంచి స్ట్రామ్‌బర్గ్‌లు సూర్యుడొచ్చేసరికి ఉండవు. ముసలివాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడండి, నాకు డిస్ట్రిబ్యూటరు సంగతి చెప్పింది అలాంటి ఒక తాతగారే.

మొదటి వంద మైళ్ళు

బయటికి తీసే ముందు బండి ఇంట్లోనే జాకీల మీద ఉండగా ఇరవై నిమిషాలు ఇంజిన్ నడిపి, చల్లారాక అల్యూమినియం హెడ్ బోల్టులు మళ్ళీ టార్క్ చేయండి. హెడ్‌కి 24 ఉంటాయి. తర్వాత వీధి చివరి దాకా, వెనక్కి. బ్రేకు నాలుగు చక్రాలకీ సమానంగా పట్టిందా చేత్తో డ్రమ్ము వేడి చూసి తెలుసుకోండి, ఒకటి చల్లగా ఉంటే అది పని చేయట్లేదు.

వెనక హబ్బులు వాలుగా చెక్కిన షాఫ్టు మీద ఒక చిన్న తాళంతో (కీ అనే ఇనుప ముక్కతో) కూర్చుంటాయి. బలమంతా ఆ వాలు పట్టుకోవాలి, తాళం కాదు. హబ్బునీ షాఫ్టునీ గ్రైండింగ్ పేస్టుతో కలిపి రుద్ది, తుడిచి, పొడిగా బిగించి, నట్టుని 220 ఫుట్-పౌండ్ల దాకా టార్క్ చేయాలి. వదులైతే తాళం తెగి చక్రం ఊరికే తిరుగుతుంది. హబ్బు ఊడదీయాలంటే డ్రమ్ము అంచు పట్టుకుని లాగే పుల్లరు వద్దు, డ్రమ్ము వంకరపోతుంది, హబ్బు మరలకి పట్టేది తెచ్చుకోండి. పది మైళ్ళు తిరిగాక ఆ రెండు నట్లూ చూడండి. యాభై మైళ్ళకి మళ్ళీ. నాకు కుడివైపుది పది మైళ్ళకి పావు చుట్టు తిరిగింది, యాభైకి కదల్లేదు, వందకీ కదల్లేదు. అప్పుడు కాటర్ పిన్ను వంచేసి మూత పెట్టాను.